ట్యాంకులో నీళ్లన్నీ ఒకే ముద్దగా లెక్కించాలా? కొత్త లెక్కలో భూకంప బలం తగ్గుతోంది, నమ్మొచ్చా?

కొత్త_డిజైనర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. స్ట్రక్చరల్ డిజైన్‌లోకి వచ్చి ఇది మూడో ఏడు. ఇప్పటిదాకా ఇళ్లు, గోడౌన్లు చేశాను. ఓవర్‌హెడ్ ట్యాంకు నా చేతికి రావడం ఇదే మొదటిసారి. మా ఆఫీసులో ట్యాంకులు చూసే పెద్దాయన రిటైరయ్యారు. ఆయన తయారుచేసిన ఎక్సెల్ షీటు మాత్రం మిగిలింది. దాన్ని ఇప్పుడు చూసేదాన్ని నేనొక్కదాన్నే.

ట్యాంకు వివరాలు ఇవి. గుండ్రటి కాంక్రీటు కంటైనర్, లోపలి వ్యాసం 12 మీటర్లు, నీటి లోతు 4 మీటర్లు. దాదాపు 452 ఘనపు మీటర్లు, అంటే నాలుగున్నర లక్షల లీటర్లు. కింద 16 మీటర్ల స్టేజింగ్, అంటే కంటైనర్‌ని మోసే కాళ్ల ఫ్రేము. వలయంగా 8 కాలమ్‌లు, ఒక్కోటి 600 మి.మీ. గుండ్రటిది, మధ్యలో వాటిని అడ్డంగా కలిపే మూడు వరసల బ్రేస్ బీమ్‌లు. ఖాళీ కంటైనర్ 210 టన్నులు. స్టేజింగ్ 120 టన్నులు, అందులో మూడో వంతు 40 టన్నులు కంటైనర్ బరువుకి కలిపాను, మొత్తం 250. స్టేజింగ్ పక్కకి చూపే గట్టితనం మీటరుకు 15,000 కిలోన్యూటన్లు వచ్చింది.

పాత షీటు నీళ్లన్నిటినీ గడ్డకట్టిన మంచులా కంటైనర్‌తో కలిపేస్తుంది. 250, 452 కలిపి 702 టన్నులు, పీరియడ్ (ఒకసారి ఊగి తిరిగి రావడానికి పట్టే సమయం) 1.36 సెకన్లు. నేను చదువుకున్న పద్ధతిలో నీళ్లని రెండుగా విడదీయాలి. అలా చేస్తే 172 టన్నులు గోడతో పాటు కదిలే ఇంపల్సివ్ భాగం, 262 టన్నులు పైన అలలా ఊగే కన్వెక్టివ్ భాగం అని తేలింది. మొదటిదాన్ని ఆ 250తో కలిపితే 422 టన్నులు, పీరియడ్ 1.05 సెకన్లు. అలల పీరియడ్ 3.95 సెకన్లు. అలలకి డ్యాంపింగ్, అంటే ఊగుడు దానంతటది తగ్గే గుణం, అర శాతమే తీసుకున్నాను. రెండు బలాల వర్గాలు కూడి వర్గమూలం తీస్తే, పాత షీటు ఇచ్చిన బేస్ షియర్ (మొదట్లో పడే పక్క బలం మొత్తం) 100 అయితే నాది 81.

ఇక్కడే ఆగిపోయాను. కొత్త పద్ధతి సరైనదని పుస్తకం చెబుతోంది. కానీ పుస్తకం మాట మీద బలాన్ని ఐదో వంతు తగ్గించి సంతకం పెట్టాలంటే చెయ్యి రావడం లేదు. ఈ ట్యాంకు కిందే జనం తిరుగుతారు. భూకంపం వచ్చిన మర్నాడు తాగడానికి ఆ నీళ్లే దిక్కు.

ఇంకో మూడు సందేహాలు. మొదటిది, 172, 262 కలిపితే 434. నా నీళ్లు 452. మిగతా 18 టన్నులు ఏమయ్యాయి? రెండోది, డ్రాయింగులో నీటి మట్టానికీ పైకప్పుకీ మధ్య 30 సెం.మీ. ఖాళీ ఉంది, సరిపోతుందా? అలల పీరియడ్ దగ్గర స్పెక్ట్రమ్ (ఏ పీరియడ్‌కి భూకంప త్వరణం ఎంతో చెప్పే గీత) విలువ, భాగించి తగ్గించక ముందు, 0.11 జి వచ్చింది, జి అంటే భూమ్యాకర్షణ త్వరణం. మూడోది, ఆర్కిటెక్టు 8 కాలమ్‌ల బదులు ఒకే బోలు షాఫ్ట్ (కాంక్రీటు గొట్టం) అడుగుతున్నారు, చూడ్డానికి బాగుంటుందని. 150 మి.మీ. మందం చాలంటున్నారు. కుదురుతుందా?

సైట్_నుంచి

నా సలహా చిన్నది. రెండు లెక్కల్లో ఏది పెద్దదైతే అది తీసుకోండి. 100కే డిజైన్ చెయ్యండి. కాస్త స్టీలు ఎక్కువ పడుతుంది, అంతే కదా. ఎవరూ తప్పు పట్టరు, మీకూ నిద్ర పడుతుంది.

పాత_కాంక్రీటు

అమ్మా, ముందుగా ఒక మాట. సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదన్నారు చూడండి, అది మంచి లక్షణం. నేను 34 ఏళ్లు ఈ పనే చేశాను, ఎక్కువ భాగం నీటి నిర్మాణాలే. ఆ జంకు పోగొట్టుకోకండి. కాకపోతే మీరు జంకాల్సిన చోటు 81 దగ్గర కాదు.

నిండు బకెట్టు పట్టుకుని నాలుగడుగులు వేసి ఒక్కసారి ఆగండి. అడుగున ఉన్న నీళ్లు బకెట్టుతోనే ఆగిపోతాయి. పైన ఉన్నవి మాత్రం మీరు ఆగాక కూడా ఇటూ అటూ పోతూనే ఉంటాయి, వాటి తీరికలో అవి. అమెరికా ఇంజనీర్ హౌస్నర్ చెప్పింది ఇదే. 1960 చిలీ భూకంపంలో ఎత్తు ట్యాంకులు దెబ్బతిన్నాక ఆయన 1963లో రాసిన పేపరుతో ఈ రెండు ముద్దల నమూనా డిజైనర్ల చేతికి వచ్చింది. ఇవాళ భారతీయ ప్రమాణం ఐఎస్ 1893 రెండో భాగం అయినా, అమెరికా ఏసీఐ 350.3 అయినా, యూరోకోడ్ 8 నాలుగో భాగం అయినా ఆ వేరు నుంచి మొలిచినవే.

మీ ట్యాంకు వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. లోతుని వ్యాసంతో భాగిస్తే మూడో వంతే. అందుకే సగానికి పైగా నీళ్లు అలల్లోకి వెళ్లాయి. నాలుగు సెకన్లకొకసారి ఊగే నీటిని భూకంపం పెద్దగా రెచ్చగొట్టదు. బలం తగ్గింది అందుకే. ఇదే నీటిని సన్నగా, లోతుగా నిలబెట్టి ఉంటే ఎక్కువ భాగం గోడతోనే కదిలేది, తగ్గింపు ఇంత ఉండేది కాదు. కాబట్టి 81 సరైన అంకె.

100కి చేస్తే నిద్ర పడుతుందన్న తమ్ముడికి ఒక మాట. పాత షీటులో బేస్ షియర్ పెద్దదే, కానీ పీరియడ్ తప్పు. 1.36 సెకన్ల దగ్గర స్పెక్ట్రమ్ ఎంతుంది, 1.05 దగ్గర ఎంతుంది? ఆ ప్రాంతంలో స్పెక్ట్రమ్ పీరియడ్‌కి విలోమంగా పడిపోతుంది. అంటే కంటైనర్ నిజంగా చవిచూసే త్వరణం పాత షీటు చెప్పినదానికంటే 29 శాతం ఎక్కువ. కంటైనర్ గోడ మీద నీటి అదనపు ఒత్తిడి, పైకప్పు, నిచ్చెన, పైపుల బిగింపులు అన్నీ ఆ త్వరణం మీదే ఆధారపడతాయి. కాలమ్‌కి ఎక్కువ చూపించి గోడకి తక్కువ చూపించే లెక్కని భద్రమైన లెక్క అనకూడదు. పైగా అది అలల గురించి ఒక్క ముక్క చెప్పదు.

ఆ 18 టన్నులు ఎక్కడికీ పోలేదు. ఈ సూత్రాలు ఉజ్జాయింపువి, రెండు భాగాలనూ విడివిడిగా కట్టారు, కూడిక కచ్చితంగా కలవదు. నేను మిగిలినదాన్ని ఇంపల్సివ్ వైపు వేస్తాను. మీకు 422 బదులు 440 అవుతుంది, 81 కాస్తా 82 అవుతుంది. ఒక్క శాతానికి మనశ్శాంతి దొరికితే నష్టం లేదు.

ఇక అలల ఎత్తు. స్పెక్ట్రమ్ విలువని వ్యాసార్ధంతో గుణించండి. 0.11 ఇంటూ 6 మీటర్లు, 66 సెం.మీ. మీరు వదిలింది 30. చాలదు. ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది పట్టించుకోరు. పైకి లేచే చోటు లేక నీళ్లు పైకప్పుకి తగిలితే కప్పుని కింది నుంచి కొట్టడంతో ఆగదు. ఊగలేని నీళ్లు గోడతో పాటు కదలడం మొదలుపెడతాయి. మీరు 262 టన్నులు అలల్లో వేసి బలం తగ్గించుకున్నారు. ఆ నీళ్లు ఊగడానికి చోటివ్వకపోతే ఆ తగ్గింపులో కొంత మీది కాదు. 81 కావాలంటే 66 సెం.మీ. కూడా ఇవ్వాలి. రెండూ ఒకే లెక్కలోవి.

ఇప్పుడు అసలు సంగతి. స్పెక్ట్రమ్ ఇచ్చిన బలాన్ని ఒక అంకెతో భాగించి తగ్గించుకుంటాం. ఎందుకు భాగిస్తున్నామో ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. నిజంగా పెద్ద భూకంపం వస్తే మన కాలమ్‌లు ఆ బలాన్ని సాగకుండా తట్టుకోలేవని ఒప్పుకుంటున్నాం. స్టీలు సాగుతుంది, కాంక్రీటు చిట్లుతుంది, అయినా కూలదు అని మాట ఇస్తున్నాం. ఇంట్లో ఆ మాట నిలబెట్టడానికి గోడలు, పక్క ఫ్రేములు, ఎన్నో ఉంటాయి. ఒకటి దెబ్బతింటే ఇంకోటి పట్టుకుంటుంది. ట్యాంకు తలకిందులు లోలకం లాంటిది. బరువంతా పైన, పట్టుకునేవి కింద 8 కాళ్లు. ఎక్కడ సాగాలో మనం నిర్ణయించకపోతే అది తనకి బలహీనమైన చోట తెగుతుంది. మీ ప్రశ్న "బలం ఎంత" అని. నేనైతే "ముందు ఎక్కడ లొంగాలి" అని అడుగుతాను.

2001 జనవరి 26న ఉదయం 8 గంటల 46 నిమిషాలకి భుజ్ భూకంపం వచ్చింది, 7.7 తీవ్రత. పది రోజుల తర్వాత ట్యాంకులు చూడటానికి వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను. షాఫ్ట్ మీద నిలబెట్టిన ట్యాంకులు దూరం నుంచి చెక్కుచెదరనట్టే కనిపించాయి. దగ్గరికి వెళ్తే మొదలు చుట్టూ మొలతాడు కట్టినట్టు పగులు. కాంక్రీటు పోతను మొదటి విడత ఆపి రెండో విడత మొదలుపెట్టిన అతుకు దగ్గరే అది ఎక్కువగా ఉంది. అరచేయి ఆనించి చుట్టూ నడిచాను, పగులు ఎక్కడా తెగలేదు, మొదలుపెట్టిన చోటికే వచ్చాను. కేంద్రానికి దగ్గర్లో కూలినవీ ఉన్నాయి. అంతకు నాలుగేళ్ల ముందు, 1997లో జబల్‌పూర్ భూకంపంలోనూ షాఫ్టుల మొదళ్లలో ఇలాంటి పగుళ్లే వచ్చాయి. 1990లో ఇరాన్‌లో రష్త్ పట్టణంలో 1500 ఘనపు మీటర్ల షాఫ్ట్ ట్యాంకు నేలకూలింది.

150 మి.మీ. మందం, మధ్యలో ఒకే వరస స్టీలు ఉన్న బోలు గొట్టంలో ఒక వైపు కాంక్రీటు నలిగితే దాన్ని పట్టి ఉంచే రింగులు ఉండవు. ఒక్క మొదలు పోతే ఇంక రెండో దారి లేదు. బరువు మోయడానికి 150 చాలు. ఊగడానికి చాలదు. మీ ఆర్కిటెక్టుకి ఈ మాట మీరు చెప్పలేకపోతే నా రాత చూపించండి.

కాలమ్‌ల స్టేజింగ్ కూడా దానంతటది భద్రం కాదు. బ్రేస్ బీమ్‌లు ముందు లొంగాలి, కాలమ్‌లు తర్వాత. ప్రతి జాయింటు దగ్గర కాలమ్‌ల వంపు బలం మొత్తం బీమ్‌ల మొత్తం కంటే ఎక్కువ ఉండేలా చూడండి. కాలమ్‌ల చివర్లలో రింగుల మధ్య దూరం 100 మి.మీ. మించకూడదు. హుక్కులు 135 డిగ్రీలు వంచి కాంక్రీటు లోపలి గుండెలోకి దూర్చాలి. 90 డిగ్రీల హుక్కు, ఊచల మీది కాంక్రీటు కవర్ రాలగానే విచ్చుకుంటుంది. ఊచల అతుకులు కాలమ్ మధ్య భాగంలోనే వెయ్యండి, జాయింటు దగ్గర వద్దు.

ఇంకొకటి. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పటి లెక్క చేశారా? మీరు రాయలేదు. చాలామంది నిండు ట్యాంకుకే బలం ఎక్కువ అని అక్కడితో ఆపేస్తారు. మీ అంకెలతో చూశాను. ఖాళీ అయితే 250 టన్నులు, పీరియడ్ 0.81 సెకను. నిండుగా ఉన్నప్పటి బేస్ షియర్‌లో 74 శాతం ఇంకా మిగిలే ఉంది. బరువు మాత్రం 782 టన్నుల నుంచి 330కి పడిపోయింది, అంటే 42 శాతమే మిగిలింది. బలం పావు వంతే తగ్గింది, కాళ్లని నేలకి అదిమి పట్టే బరువు సగానికి మించి పోయింది. కాలమ్‌లో లాగుడు, పునాది కింద పైకి లేవడం తేలేది ఈ లెక్కలోనే. భూకంపం దిక్కు కూడా ఒకటే పెట్టుకోకండి. కాలమ్‌కి కష్టమైన దిక్కు, బ్రేస్ బీమ్‌కి కష్టమైన దిక్కు వేరు.

గుండ్రటి_గోడ

పెద్దాయన మాటతో చాలావరకు ఏకీభవిస్తాను. ఒక్క చోట కాదు. షాఫ్ట్ అన్నదాన్నే పక్కన పెట్టేయడం సరికాదని నా నమ్మకం. నేను కొన్ని చేశాను. భుజ్‌లో దెబ్బతిన్నవి 150, 200 మి.మీ. పలచటి గొట్టాలు. వాటి లోపం గొట్టం కావడం కాదు, పలచన కావడం. మందం పెంచి, లోపలా బయటా రెండు వరసల స్టీలు వేసి, ఆ రెండిటినీ అడ్డంగా హుక్కులతో కట్టి, తగ్గింపు భాజకం చిన్నది తీసుకుని ఎక్కువ బలానికి డిజైన్ చేస్తే నిలబడుతుంది. ప్రమాణాలు కూడా రెండు వరసల షాఫ్టుకీ ఒక వరస షాఫ్టుకీ తేడా చూపిస్తాయి.

తలుపు ఉన్న చోట మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. లోపలికి వెళ్లడానికి షాఫ్ట్ మొదట్లోనే తలుపు పెడతాం, ఎక్కువ వంపు పడేదీ అక్కడే. గొట్టంలో కోసిన ముక్కకి సరిపడా స్టీలు ఇటూ అటూ నిలువుగా వేస్తే సరిపోదు. తలుపు అంచుల్ని కాలమ్‌ల్లా మందం చేసి, రింగులతో బిగించాలి. విడత విడతకీ మధ్య అతుకుని గరుకు చేసి, కడిగి, అప్పుడే పొయ్యాలి. ఇదంతా చేశాక 8 కాలమ్‌లకీ దీనికీ ఖర్చులో పెద్ద తేడా ఉండదు. ఆర్కిటెక్టుకి ఆ లెక్క కూడా చూపించండి.

పాత_కాంక్రీటు

తలుపు మాట బాగా గుర్తుచేశారు. రెండు వరసల మందపాటి షాఫ్ట్ మీద నాకు పేచీ లేదు. 150 మి.మీ. ఒంటి వరసనే నేను వద్దన్నది.

పంప్‌హౌస్_కాపలా

నేను డిజైనర్‌ని కాను. నీటి సరఫరాలో వాల్వులు తిప్పేవాణ్ని, ఇరవై రెండేళ్లుగా. పైన ఎవరూ అడగని సంగతి ఒకటి అడుగుతాను. మేడం, మీ ట్యాంకు భూకంపానికి ఎంత ఊగుతుంది? సెంటీమీటర్లలో చెప్పండి.

ఎందుకు అడుగుతున్నానంటే, నేను పని చేసిన ఒక చోట రాత్రి పూట ఓ మాదిరి భూకంపం వచ్చింది. పొద్దున్నే ఇంజనీర్లు వచ్చి కాలమ్‌లన్నీ చూశారు, ఒక్క పగులు లేదు. అందరూ సంతోషించారు. నేను పంపు వెయ్యబోతే ట్యాంకులో నీళ్లు లేవు. ట్యాంకు అడుగు నుంచి దిగే ఔట్‌లెట్ పోత ఇనుము పైపు, నేలలోకి దూరే చోట దాన్ని కాంక్రీటు దిమ్మలో బిగించేశారు. పైన ట్యాంకు ఊగింది, కింద పైపు కదల్లేదు. మొదటి ఫ్లాంజ్ (పైపుల్ని కలిపి బిగించే అంచు) దగ్గర విరిగింది. రాత్రంతా నీళ్లు పారి, పునాది పక్కన మట్టి కూడా కొట్టుకుపోయింది. నాలుగు రోజులు ఆ పేటలో నీళ్లు లేవు. ట్యాంకు చక్కగా నిలబడే ఉంది, ఎవరికీ ఉపయోగం లేకుండా. ఆ నాలుగు రోజులు బిందెలు పట్టుకుని వచ్చినవాళ్లకి నేనే సమాధానం చెప్పాను, అందుకే ఇంతగా చెబుతున్నాను.

1906లో శాన్‌ఫ్రాన్సిస్కోలో భూకంపం కంటే తర్వాత రేగిన మంటలే ఎక్కువ నాశనం చేశాయి, నేల కింద పైపులు విరిగి ఆర్పడానికి నీళ్లందలేదు. 1995లో జపాన్‌లో కోబే నగరంలోనూ మంటలార్పే నీళ్ల హైడ్రెంట్లు ఎండిపోయాయి. జపాన్‌లో రిజర్వాయర్ల ఔట్‌లెట్ల మీద, నేల గట్టిగా కంపించగానే తమంతట తామే మూసుకునే వాల్వులు పెడతారు. బయట పైపు ఎక్కడ విరిగినా లోపలి నీళ్లు తాగడానికి మిగులుతాయి. రెండు ట్యాంకులు ఉంటే ఒకదాన్ని అలా మూసి, రెండోదాన్ని మంటల కోసం తెరిచి ఉంచడం నాకు నచ్చిన ఏర్పాటు. మీకు ఒకటే ఉంది కాబట్టి చేత్తో మూసే వాల్వు ట్యాంకు అడుగునే, పైపు విరిగే చోటికి పైన పెట్టండి. నేల మీద గుంతలో పెడితే, విరిగేది దానికి పైనే అయినప్పుడు ఆ వాల్వు మూసి ఏం లాభం? దాని దగ్గరికి ఎక్కే మెట్లు కూడా భూకంపం తర్వాత నిలిచి ఉండాలి, ఎక్కాల్సింది మాలాంటివాళ్లం.

కొత్త_డిజైనర్

అందరికీ కృతజ్ఞతలు. రెండు రోజులు కూర్చుని మళ్లీ మొదటి నుంచి చేశాను.

పంప్‌హౌస్ అన్నగారూ, మీరు అడిగిన అంకె. భాగించి తగ్గించక ముందు స్పెక్ట్రమ్ విలువ 0.23 జి. 422 టన్నులకి దాదాపు 950 కిలోన్యూటన్లు. దాన్ని 15,000తో భాగిస్తే 6.3 సెం.మీ. పునాదితో పోలిస్తే కంటైనర్ అంత దూరం జరుగుతుంది, మళ్లీ అటువైపు అంతే. నా డ్రాయింగులో కూడా పైపు కింద దిమ్మలో బిగించి ఉంది. మీరు చెప్పకపోతే అలాగే వెళ్లిపోయేది. ఇప్పుడు దిమ్మ తీసేసి, కింద బెండు దగ్గర ఒకటి, కంటైనర్ అడుగున ఒకటి, వంగే జాయింట్లు పెట్టాను. నిలువు పైపుని బ్రేస్ బీమ్‌లకి బిగించకుండా, పక్కకి ఆపుతూ పైకీ కిందకీ జారే క్లాంపులు రాశాను. వాల్వు కంటైనర్ కిందే వచ్చింది, దానికి బ్రేస్ వరస నుంచి చిన్న నడక దారి వేశాను.

ఫ్రీబోర్డ్ (నీటి పైన వదిలే ఖాళీ) కోసం రెండు దార్లు చూశాను. నీటి మట్టం తగ్గిస్తే తొమ్మిది శాతం నీళ్లు పోతాయి. అందుకే గోడని 40 సెం.మీ. పెంచాను, 70 అయింది. బరువు 8 టన్నులు పెరిగింది. పాత_కాంక్రీటు గారూ, మీరు చెప్పినట్టు ఆ 18 టన్నులు ఇంపల్సివ్‌లో కలిపేశాను. ఖాళీ ట్యాంకు లెక్కలో రెండు కాలమ్‌ల కింద లాగుడు వచ్చింది. నిండు లెక్కలో అసలు కనిపించలేదు. విడివిడి ఫుటింగులు తీసేసి అన్ని కాలమ్‌ల కిందా ఒకటే పునాదిగా వలయాకారపు రాఫ్ట్ వేశాను, లాగుడు పోయింది.

షాఫ్ట్ సంగతి ఆర్కిటెక్టుతో మాట్లాడాను. పగులు మొదలు చుట్టూ తిరిగి మొదటికే వచ్చిందన్న మాట చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత 8 కాలమ్‌లకే ఒప్పుకున్నారు.

ఒక్క చిక్కు మిగిలింది. కాలమ్‌లు అష్టభుజిలో ఉన్నాయి కదా, ప్రతి కాలమ్ దగ్గర రెండు బ్రేస్ బీమ్‌లు 135 డిగ్రీల కోణంలో కలుస్తాయి. బీమ్ ఊచలు తిన్నగా అవతలికి పోవు. రెండు బీమ్‌ల ఊచలూ కాలమ్ లోపలే వంగి ఆగాలి. కాలమ్ నిలువు ఊచలు, 100 మి.మీ.కి ఒక రింగు, ఇవన్నీ కలిసి కాగితం మీదే కాంక్రీటుకి చోటు కనిపించడం లేదు. జాయింటులో రింగులు తగ్గించవచ్చా?

పాత_కాంక్రీటు

తగ్గించకండి. జాయింటులో రింగులు మానేసిన స్టేజింగుల్లో బీమూ కాలమూ బాగుండి కలిసే చోటు మాత్రం పిండైపోతుంది. సైటులో ముందు మాయమయ్యేవి కూడా ఆ రింగులే, కట్టడం కష్టమని.

ఇలా చెయ్యండి. బ్రేస్ బీమ్‌లో లావు ఊచలు నాలుగు వేసి ఉంటే వాటి బదులు సన్నవి ఎక్కువ వెయ్యండి. వంగే వ్యాసార్ధం తగ్గుతుంది, పట్టు కోసం కావాల్సిన పొడవూ తగ్గుతుంది. రెండు బీమ్‌ల ఊచలు ఒకే మట్టంలో ఢీకొనకుండా ఒకదానివి ఒక ఊచ మందం కిందికి దించండి. ఆ తేడాని బీమ్ లోతులో లెక్కపెట్టండి. కాలమ్ నిలువు ఊచల్ని బీమ్ ఊచలు దూరే సందులు వదిలి సర్దండి. డ్రాయింగులో ఈ ఒక్క జాయింటుని పెద్దది చేసి, పై నుంచీ పక్క నుంచీ, ఊచల్ని గీతలుగా కాక అసలు మందంతో గీయండి. గీతలుగా గీస్తే అన్నీ పడతాయి. కాంక్రీటులో కంకర 20 మి.మీ. రాసి ఉంటే జాయింట్లకి 10 మి.మీ. అడగండి.

తర్వాత, పోత మొదలుకాక ముందు నేల మీద ఒక జాయింటు నమూనా కట్టించండి. బార్ బెండింగ్ మేస్త్రిని దగ్గర కూర్చోబెట్టుకోండి. ఏ రింగు ముందు తొడగాలి, ఏ ఊచ తర్వాత దూర్చాలి అన్న వరస ఆయనే తేలుస్తారు, మనం కాగితం మీద తేల్చలేం. వైబ్రేటర్ సూది లోపలికి దిగుతుందో లేదో అక్కడే చూడండి. దిగకపోతే కాలమ్‌ని 650 చెయ్యండి, గట్టితనం, పీరియడ్ మళ్లీ కట్టండి. ఒక్క పూట పని.

ఆ నమూనాకి ఫొటో తీసి ఇక్కడ పెట్టమ్మా. రింగులు లెక్కపెట్టి చెప్తాను.